స్కూటరు కింద రెండిటుకలు

2006లో ఆదోనిలో ఉన్నాం. ఆదివారమొస్తే మావారికి పాత చేతక్ వైద్యమే పని. నూరు కిలోలు దాటిన బండి; ఇంజను బరువంతా కుడివైపే. స్టాండు కింద రెండిటుకలు పెట్టి, వెనక చక్రం నట్టును పానాతో లాగుతున్నారు. ఊడిన నట్టు బండి కిందికి దొర్లింది. మా చిన్నది చెయ్యి పెట్టబోయింది. రెక్క పట్టి లాగేశాను. అంతలో ఇటుక పగిలి బండి ఒరిగింది.

సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి మామగారొచ్చారు. మగ్గం నేసిన మనిషి. కోప్పడలేదు. వెడల్పాటి చెక్క పరిచి, "మగ్గమైనా బండైనా అడుగు సమంగా కూచోవల్ల నాయనా. చక్రం నేలమీదుండగానే నట్లు వదులుచెయ్యి. ఒకరు పట్టుకోవల్ల, ఒకరు విప్పల్ల" అన్నారు.

అప్పట్నుంచీ పట్టుకునేది నేనే. బండి అమ్మేసి ఏళ్ళయింది. ఆ చిన్న చెయ్యి తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది సుమండీ!