నిబంధనలు వర్తిస్తాయి

నాకు "నిబంధన" అనే మాట తెలిసింది టీవీ యాడ్ల చివర గబగబా చదివేస్తారు కదా, "షరతులు, నిబంధనలు వర్తిస్తాయి" అని, అక్కడి నుంచే. స్కూలంతా ఇంగ్లిష్ మీడియం, ఇంట్లో మాత్రం తెలుగు బైబిల్. పాత నిబంధన, కొత్త నిబంధన అని రోజూ వింటూ కూడా, ఆ మాటకి ఇద్దరి మధ్య ఒప్పందం అని అర్థముందని 2025 జనవరి దాకా ఆలోచించలేదు.

మా అమ్మది గుంటూరు, నాన్నది మెదక్ దగ్గర పల్లె. ఇద్దరూ ఉద్యోగాల కోసమే హైటెక్ సిటీ వైపు వచ్చారు, చర్చి క్వయర్‌లో కలిశారు. చందానగర్‌లో ఫ్లాట్, దాని మీద ఇరవై ఏళ్ల లోన్. డిసెంబర్ ఒకటో తారీఖున బాల్కనీలో స్టార్ వేలాడాల్సిందే. అమ్మమ్మ బస్సు పార్సిల్‌లో అరిసెలు పంపిస్తుంది. నాన్నేమో సకినాలు కావాలంటాడు. "క్రిస్మస్‌కి సకినాలేంటండీ" అని అమ్మ ఏటా అంటుంది, ఏటా చేస్తుంది.

2024 ఆగస్టులో నాన్న ఉద్యోగం పోయింది. పొద్దున పావుగంట వీడియో కాల్, మధ్యాహ్నానికి లాప్‌టాప్ లాక్. నాకు మాత్రం మిడ్స్ అయ్యాక చెప్పారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది కంపెనీ మీద కాదు, ఫ్రిజ్ మీదున్న కార్డు మీద. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా: డిసెంబర్ 31 రాత్రి వాచ్ నైట్ సర్వీస్ అయ్యాక చాలా చర్చిల్లో బుట్టలోంచి ఒక్కొక్కరు ఒక్కో వాగ్దాన కార్డు తీసుకుంటారు. ఆ వచనం ఆ ఏడాదికి మన వాగ్దానం అన్నమాట. ఆ ఏడాది నాన్నకి వచ్చింది యిర్మీయా 29:11. దేవుడి ఆలోచనలు మన మేలు కోసమే అని చెప్పే వచనం. క్రైస్తవుల ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద చూసే ఉంటారు. "ఇది ర్యాండమ్ ఫంక్షన్ అమ్మా, తీసేయ్" అన్నాను. అమ్మ తీయలేదు. నాన్న మాత్రం నవ్వి, "బిడ్డా, దాని పై వచనం చదివినవా? డెబ్బై ఏండ్లు ఆగుమన్నడు" అన్నాడు. చదివితే నిజమే. బబులోనుకి చెరపట్టి తీసుకుపోయిన వాళ్లకి రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అని కూడా ఉంది. "ఇల్లు కట్టుకోమన్నడు గానీ ఈఎమ్ఐ సంగతి చెప్పలే" అన్నాడు నాన్న. అమ్మకి ఆ జోక్ నచ్చలేదు.

క్రిస్మస్ మర్నాడు నాయనమ్మ దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మెదక్ చర్చి చూసొచ్చాం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన చర్చి, సరిగ్గా వందేళ్లు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కట్టించాడు, పదేళ్లు పట్టింది. కరువు రోజుల్లో చుట్టుపక్కల జనానికి అక్కడి పనే కూడు పెట్టిందని చెప్తారు. మా తాతగారి తాత కూడా రాళ్లు మోశాడట, నాయనమ్మ ఎప్పుడూ చెప్పే మాటే. గోపురం 175 అడుగులు. కింద నిలబడి తలెత్తి చూస్తూ నాన్న మెల్లగా అన్నాడు, "ఆయనకన్న పని దొరికింది." అమ్మ వినిపించుకోనట్టు నాయనమ్మ శాలువా సర్దింది.

31 రాత్రి వాచ్ నైట్‌కి అమ్మ ఆన్-కాల్‌లో ఉంది. బ్యాగులో బైబిల్ పక్కనే ఆఫీసు లాప్‌టాప్. పన్నెండుకి ఐదు నిమిషాల ముందు అందరం మోకరిస్తే, ఆవిడ ఫోన్ వైబ్రేట్ అవుతూనే ఉంది. ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు ఫ్లైఓవర్లు మూసేశారు, చుట్టూ తిరిగి వస్తుంటే డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్. తెల్ల చొక్కా, డ్యాష్‌బోర్డ్ మీద బైబిల్. కానిస్టేబుల్ రెండూ చూసి, "హ్యాపీ న్యూ ఇయర్ సార్, ఊదండి" అన్నాడు. చాలా రోజుల తర్వాత నాన్న గట్టిగా నవ్వింది అప్పుడే. కొత్త కార్డు మాత్రం జేబులోంచి తీసి చూపించలేదు.

(నాన్నకి మార్చిలో ఇంకో ఉద్యోగం వచ్చింది, జీతం తక్కువ. కానీ నేను రాయాలనుకున్నది అది కాదు.)

జనవరి 5, కొత్త ఏడాదిలో మొదటి ఆదివారం. మా చర్చిలో ఆ రోజు నిబంధన ఆరాధన. జాన్ వెస్లీ 1755లో లండన్‌లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. మెదక్ ప్రాంతానికి వెస్లియన్ మిషనరీలు తెచ్చారు, 1947లో సీఎస్ఐ ఏర్పడ్డాక కూడా మిగిలింది. ఇందులో కార్డూ లేదు, బుట్టా లేదు. దేవుడు మనకి ఏమిస్తాడో కాదు, మనం దేనికి ఒప్పుకుంటున్నామో అందరం కలిసి పైకి చదవాలి. నేను ఏటా పెదాలు కదిపి వదిలేసేదాన్ని. ఈసారి పుస్తకం పట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ చదువుతున్నా. నువ్వు పని అప్పగించినా సరే, పక్కన పెట్టినా సరే అనే అర్థం వచ్చే చోటికి చేరాం. పక్కన నాన్న గొంతు ఆగిపోయింది.

తలెత్తి చూశా. పుస్తకంలోకే చూస్తున్నాడు, పెదాలు బిగించి. అటువైపు నుంచి అమ్మ గొంతు మాత్రం పెరిగింది. మామూలుగా అమ్మ మెల్లగా చదువుతుంది. ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా చదివింది ఆ రోజు.

బయటికొచ్చాక రోడ్డు పక్కన టీ తాగాం. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నేనే ఏదో కాలేజీ కబురు మొదలుపెట్టబోతుంటే నాన్న అన్నాడు, "ఆడ నాకు నోరు రాలే."

"తెలుసు. మీ వంతు కూడా నేనే చదివేశాలెండి," అంది అమ్మ.

"అట్ల చెల్లుతదా?"

"వచ్చే వారం పాస్టర్ గారిని అడుగుదాం. ముందు టీ తాగండి, చల్లారిపోతోంది."