తెరుచుకున్న ఒక్క అధ్యాయం

కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది. ఫ్యాను కాస్త రొద పెడుతుంది, ఆన్ చేస్తే టీ తాగి వచ్చేంత సేపు పడుతుంది, అంతే. అయినా దానికి కాలం చెల్లిందని 2025 అక్టోబర్‌లో తెనాలిలోని ఓ రిటైర్డ్ తెలుగు మాస్టారికి తెలిసింది. ఆ నెల 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. పోనీ విండోస్ 11 వేద్దామంటే 2014లో కొన్న ఆ యంత్రంలోని ప్రాసెసర్ సరిపోదు, అది అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ లేదు. మరో ఏడాది అప్‌డేట్లు తెచ్చుకునే వీలున్నా అది వాయిదాయే కానీ పరిష్కారం కాదు. ‘‘పాతది పక్కన పెట్టేయండి మాస్టారూ, నలభై వేలలో మంచిది ఇప్పిస్తా’’ అన్నాడు రిపేరు షాపు కుర్రాడు.

పెన్షన్ మీద బతికే మనిషికి నలభై వేలు చిన్న మాటేమీ కాదు. కానీ ఆయన బెంగంతా హార్డ్ డిస్కు గురించి. డెల్టా పల్లెల్లో ఇరవై ఏళ్లపాటు తిరిగి పోగుచేసిన సామెతలు, సేద్యపు మాటలు అందులోనే ఉన్నాయి. కుప్పనూర్పు, పంగలకర్ర, గరిసె లాంటి మాటలను వాడిన మనుషులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. పుస్తకం మాత్రం ఇంకా అచ్చు కాలేదు.

ఇంజనీరింగ్ చదువుతున్న మనవరాలు దీపావళికి వచ్చింది. ‘‘కొనేముందు ఒకసారి లైనక్స్ చూడు తాతయ్యా. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేద్దాం, నీ విండోస్ నీకుంటుంది’’ అంది. పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, డిస్కు జోలికి వెళ్లదు అన్న తర్వాతే ఆయన సరేనన్నారు.

అసలు చిక్కు ఎంపికలో వచ్చింది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్... పెళ్లి చీరల కొట్టులో కూర్చున్నట్టయింది. అన్నీ ఉచితమే కాబట్టి ధర చూసి తేల్చుకునే వీలు లేదు. చివరికి మింట్‌లో తేలికపాటి రకమైన ఎక్స్‌ఎఫ్‌సీఈ నెగ్గింది. దానికి మాస్టారు చెప్పిన కారణం ఒక్కటే. మెనూ కోసం ఆయన చెయ్యి అలవాటుగా ఎడమవైపు కింది మూలకు వెళ్లింది, అది అక్కడే ఉంది. మరో ఆశ్చర్యం ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ. ఏళ్ల తరబడి పేపర్లు చదివింది, ఘంటసాల పాటలు విన్నది వాటితోనే. అవి ఓపెన్ సోర్స్ అని ఆయనకు అంతవరకు తెలియదు.

ఫైళ్లన్నీ బయటి డిస్కులోకి కాపీ చేసుకున్నాక మింట్‌ను కంప్యూటర్‌లోనే వేశారు. మొదటి వారం సాఫీగా సాగలేదు. ప్రింటర్ వెంటనే పలికింది కానీ స్కానర్ రెండు సాయంత్రాలు తినేసింది. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం వాడే వేలిముద్ర పరికరం అసలు మాట వినలేదు. ఆ పని ఫోనుకు ముఖం చూపించి ముగించాలని తేల్చుకున్నారు. మెనూలు తెలుగులో పెట్టుకుంటే ‘దస్త్రం’, ‘అమరికలు’ పక్కనే సగం మాటలు ఇంగ్లిష్‌లో కనిపించాయి. ‘‘ఈ అనువాదం ఎవరిదమ్మా?’’ అని మాస్టారు ఎర్ర కలం పట్టుకున్నంత పని చేశారు. జీతం తీసుకోకుండా చేసిన వాళ్లదని, హైదరాబాద్‌లోని స్వేచ్ఛ లాంటి సంస్థల్లో అలాంటి వాలంటీర్లు ఉన్నారని, తప్పనిపిస్తే ఆయనా దిద్దుబాటు పంపొచ్చని మనవరాలు చెప్పింది. ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఆ తర్వాత అసలు పరీక్ష ఎదురైంది. పుస్తకం మొత్తాన్ని 2003లో డీటీపీ చేయించి, పేజ్‌మేకర్ ఫైళ్లను భద్రంగా ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు మార్చుకుంటూ వచ్చారు. అప్పటి సాఫ్ట్‌వేర్, ఫాంట్లు మాత్రం పాత యంత్రంతోనే పోయాయి. లిబ్రెఆఫీస్‌లోని డ్రా ఆ ఫైళ్లను తెరిచింది. పేజీలు వచ్చాయి, గీతలు వచ్చాయి. అక్షరాలున్న చోట మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు బారులు తీరాయి. ఇరవై ఏళ్ల శ్రమలో ఒక్క తెలుగు అక్షరం లేదు.

అందులో మొదటి నుంచీ తెలుగు లేదు. ఆనాటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంఖ్యలకే తెలుగు ముఖాలు తొడిగేవి. ఫాంటు పోతే ముఖమూ పోతుంది. ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చిన యూనికోడ్ 1991లోనే వచ్చినా మన ప్రెస్సులు చాలాకాలం దాని జోలికి వెళ్లలేదు. నలభై వేల కొత్త కంప్యూటర్ కొన్నా ఇదే గతి పట్టేది.

అయితే ఫోల్డర్ అడుగున ఇంకో ఫైలు కనిపించింది. తెలుగు ఫాంట్లు, సాఫ్ట్‌వేర్‌తో 2005లో కేంద్ర ప్రభుత్వం ఉచితంగా పంచిన సీడీ చూసిన ఉత్సాహంలో మాస్టారు ఒక అధ్యాయాన్ని ఓపెన్ ఆఫీస్‌లో సొంతంగా టైపు చేశారు. ప్రెస్సువాళ్లు పేజ్‌మేకర్‌లోనే కావాలనడంతో దాన్ని వదిలేశారు. మనవరాలు ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కింది. సామెతలన్నీ ఒత్తులు, గుణింతాలతో సహా తెర మీద నిలబడ్డాయి.

‘‘ఈ గొప్ప లైనక్స్‌ది కాదు తాతయ్యా, యూనికోడ్‌ది. విండోస్‌లోనూ ఇది ఇలాగే కనిపించేది’’ అంది మనవరాలు నిజాయితీగా. అదీ నిజమే. కానీ మిగతా సగం కథ ఓపెన్ ఆఫీస్‌ది. దాన్ని నడిపించిన సన్ మైక్రోసిస్టమ్స్ 2010లో ఒరాకిల్ చేతికి వెళ్లింది. అదే ఏడాది దాన్ని రాస్తున్నవాళ్లలో చాలామంది విడిపోయి, అదే కోడ్‌తో లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. కోడ్ అందరిదీ కావడంతో ఆపగలిగే వాళ్లు లేరు. ఫైలు నిర్మాణం బహిరంగ ప్రమాణం, 2006లో ఐఎస్ఓ కూడా దాన్ని ఆమోదించింది. యజమాని మారాడు, పేరు మారింది, ఫైలు మాత్రం తెరుచుకుంది.

మిగిలిన పదకొండు అధ్యాయాలకూ దారి లేకపోలేదు. పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములున్నాయి. మనవరాలు ఒకటి వెతికి నడిపింది. తెలుగు వచ్చింది, తప్పులూ వచ్చాయి. ఒత్తులు పక్క అక్షరం కిందికి జారాయి, కొమ్ములు ఊడాయి. స్పెల్‌చెక్ అన్నిటి కిందా ఎర్ర గీత గీసింది. తప్పు పడిన మాటకూ, నిఘంటువుకెక్కని పల్లె మాటకూ దానికి తేడా తెలియదు. ఆ తేడా చెప్పగలిగింది డెబ్బై నాలుగేళ్ల మాస్టారు ఒక్కరే.

మనవరాలు సోమవారం కాలేజీకి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఆ ఒక్క అధ్యాయాన్ని తన పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. ఆ సాయంత్రం మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మొదటి పేజీ తెరిచారు. మూడో వరుసలో ‘గరిసె’ కాస్తా ‘గరిస’ అయి ఉంది. ఎత్వం పెట్టి, సేవ్ నొక్కి, నాలుగో వరుసలోకి వెళ్లారు.