ఆరు సిలిండర్ల బండిలో హెర్మన్స్‌బర్గ్‌కు



సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాల లూథరన్ సంఘాల్లో పెరిగినవారికి హెర్మన్స్‌బర్గ్ అనే పేరు కొత్త కాదు. జర్మనీ ఉత్తర భాగంలోని ఆ చిన్న ఊరినుండి 1860లలో మైలియస్ మొదలైన మిషనరీలు మన పల్లెలకు వచ్చారు. ఆ ఊరిని ఒక్కసారి కళ్ళారా చూడాలన్నది నా చిరకాల కోరిక. దేవుని కృపవలన 2019 ఆగస్టు నెలలో అది తీరింది. అయితే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం చెప్పబోయేది ఆ ఊరి గురించి కాదు, మమ్మల్ని అక్కడికి చేర్చిన బండి గురించి. సంఘ పత్రికలో ఖరీదైన కారు కథ ఎందుకని అడుగుతారేమో. చివరిదాకా చదివి మీరే చెప్పండి.

మా అబ్బాయి బ్రెమెన్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడు వెళ్ళే సంఘంలో 81 సంవత్సరాల పెద్దాయన ఒకరు ఉన్నారు. ఒక పాత పెడల్ హార్మోనియంను హెర్మన్స్‌బర్గ్‌లో ఒక కుటుంబానికి చేర్చాలని ఆయన అనుకొంటున్నారట. మా కోరిక తెలిసి, "బండిలో చోటుంది, మీరూ రండి" అని కబురు పంపారు. నేను, మా ఇంటామె, అబ్బాయి బయలుదేరాము. ఆయన మాటలను మాకు, మా మాటలను ఆయనకు అబ్బాయే చెప్పుచూ వచ్చాడు.

ఆ బండి 1988 నాటి మెర్సిడెస్ బెంజ్ 300 టీఈ. ఇలాంటివాటిని ఎస్టేట్ కారు అంటారు. వెనుక డిక్కీ ఉండదు. కప్పును చివరిదాకా పొడిగించి, వెనుక పైకి లేచే తలుపు పెడతారు. మనుషులూ సామానూ ఒకే కప్పు కింద ప్రయాణం చేస్తారు. ఈ వరుస బండ్లను 1985లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో మొదట చూపించారు. ఇవి తయారైంది బ్రెమెన్‌లోనే, సెబాల్డ్స్‌బ్రూక్ అనే పేటలోని కర్మాగారంలో. పెద్దాయన అక్కడే ఫిట్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నారు. కొత్తదాన్ని కొనే స్తోమత తనకు లేదనీ, ఒక వైద్యుడు వాడి అమ్మినదాన్ని కొన్నాననీ చెప్పారు. 30 సంవత్సరాలు దాటి, మంచి స్థితిలో ఉన్న బండ్ల నంబరు పలక చివర ఆ దేశంలో హెచ్ అనే అక్షరం వేయించుకోవచ్చు. ఆయన బండికి ఆ అక్షరం ఉంది.

హార్మోనియం బరువు వంద కిలోలకు తక్కువ ఉండదు. నలుగురం పట్టి లోపలికి ఎక్కించాము. బండి వెనుక భాగం కిందికి దిగిపోయింది. ఎద్దుబండిలో వెనుక బరువు ఎక్కువైతే కాడి ఎలా పైకి లేస్తుందో మనకు తెలుసు. "ఇలా వంగిన బండిలో అంత దూరమా?" అని మా ఇంటామె నెమ్మదిగా అడిగింది. పెద్దాయన నవ్వి, తాళం తిప్పి ఇంజన్ వేశారు. కాసేపటికి బండి వెనుక భాగం, మోకాళ్ళమీదనుండి లేచే ఒంటెలా, మెల్లగా పైకి లేచి సమానంగా నిలిచింది.

దాని మర్మం ఇది. వెనుక చక్రాల దగ్గర స్ప్రింగులతోపాటు నూనె నిండిన గొట్టాలు, నైట్రోజన్ వాయువు నింపిన చిన్న గుండ్లు ఉంటాయి. బరువుకు బండి వంగగానే ఒక కవాటం తెరుచుకొంటుంది. ఇంజన్ తిప్పే పంపు ఆ గొట్టాలలోకి నూనెను నెట్టి బండిని పాత ఎత్తుకు తెస్తుంది. బరువు దించగానే నూనె వెనుకకు పోతుంది. బండి వంగితే దీపాలు ఆకాశంకేసి చూస్తాయి, ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టవు. కాబట్టి ఇది సుఖం కోసమే కాదు, క్షేమం కోసం కూడా. అయితే ఇంజన్ నడిస్తేనే ఈ పని జరుగుతుంది. ఆగి ఉన్న బండి బరువుకు వంగే ఉంటుంది.

బ్రెమెన్ వీధుల్లో ఎర్రదీపం దగ్గర ఆగాము. "అయ్యో, ఇంజన్ ఆగిపోయిందేమో!" అంది మా ఇంటామె. ఆగలేదు. అంత నెమ్మదిగా తిరుగుతోంది. అబ్బాయి ఆ మాట చెప్పగా పెద్దాయన ముఖం వెలిగిపోయింది. తరువాత అరగంట ఆ ఇంజన్ పాఠమే.

మన పల్లెల్లో ఒకే రోట్లో ముగ్గురు ఆడవాళ్ళు రోకళ్ళతో దంచడం మీరు చూచే ఉంటారు. ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడుతుంది. దెబ్బ దెబ్బకూ మధ్య సమానమైన వ్యవధి. ఎవరి వరుస తప్పినా రోకళ్ళు ఢీకొంటాయి. ఈ ఇంజన్‌లోనూ అంతే. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో నిలబడి ఉంటాయి. మొదటిదీ ఆరోదీ, రెండోదీ ఐదోదీ, మూడోదీ నాలుగోదీ జంటలు. జంటలోని రెండు పిస్టన్లు కలిసి లేచి కలిసి దిగుతాయి. మూడు జంటలూ ఒక చుట్టును మూడు సమభాగాలుగా పంచుకొంటాయి. ఇంధనం మండే వరుస 1, 5, 3, 6, 2, 4. ఒక చివర పుట్టిన కుదుపును మరొక చివర పుట్టిన కుదుపు కొట్టివేస్తుంది.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో రెండు పిస్టన్లు పైకి, రెండు కిందికి పోతాయి గాని, ప్రతి అర చుట్టుకూ నాలుగూ ఒకేసారి ఆగి ఒకేసారి మళ్ళుతాయి. అందువలన ఒక సన్నని వణుకు మిగిలిపోతుంది. వరుసగా నిలిచిన ఆరింటిలో ఆ వణుకు దాదాపు ఉండదు. దానిని అణచడానికి వేరే బరువులు తగిలించనక్కరలేదు. అమరికలోనే సమాధానం ఉంది.

పట్టణం దాటి ఏ27 అనే పెద్ద రహదారి ఎక్కాము. జర్మనీ రహదారుల్లో చాలా చోట్ల వేగానికి కట్టుబాటు లేదు. 130 కిలోమీటర్లు అన్నది సలహా మాత్రమే. ఈ బండి 2962 సీసీల ఇంజన్ 180 గుర్రాల బలం ఇస్తుంది. 200 దాటి పరుగెత్తగలదు. పెద్దాయన మాత్రం 110 దాటలేదు. అప్పుడు ఇంజన్ నిమిషానికి సుమారు 3 వేల చుట్లు తిరుగుతోంది. అంటే ఆరు సిలిండర్లలో కలిపి నిమిషానికి 9 వేలసార్లు ఇంధనం మండుతోంది. మేము మాత్రం గొంతు పెంచకుండా మాట్లాడుకొన్నాము.

ఆ బండికి ఒక స్వభావం ఉంది. పెడల్ కాస్త బరువు. తాకితే ఉలిక్కిపడదు, నిదానంగా ఒత్తితేనే స్పందిస్తుంది. మామూలుగా రెండో గేరులోనే కదులుతుంది. గట్టిగా తొక్కితేనే మొదటి గేరు వేసుకొంటుంది. స్టీరింగ్ చురుకు కాదు గాని తిన్నగా పోతుంది. మలుపులో పరుగుపందెపు బండిలా ఎగరదు, లోపలివారిని ఒక పక్కకు విసిరివేయదు. వర్షపు జల్లు పడినప్పుడు అద్దంమీద ఒకే ఒక్క వైపర్ మూలలకు చేయి చాపుతూ 86 శాతం అద్దాన్ని తుడిచింది. లోపం లేదని కాదు. లీటరుకు 9 కిలోమీటర్లు రావడమే గగనమని ఆయనే ఒప్పుకొన్నారు.

వాల్‌స్రోడ్ దగ్గర ఏ7 రహదారిలో కలిసి, సోల్టా దగ్గర దిగి, బెర్గెన్ వైపు పాత రోడ్డు పట్టాము. అది లూనెబర్గ్ బీడు ప్రాంతం. ఇసుక నేల. ఆగస్టులో హీథర్ పొదలు పూచి కనుచూపు మేర ఊదారంగు పరచినట్లుంటుంది. బూడిదరంగు గొర్రెల మందలు, ఎర్ర ఇటుకల ఇళ్ళు. ఒకప్పుడు ఇది బీద రైతుల సీమ.

అక్కడే అది జరిగింది. కుడివైపు చెట్ల నీడలోనుండి సైకిలుమీద ఒక బాలుడు రోడ్డుమీదికి వచ్చాడు. నేను ముందుసీట్లో ఉన్నాను, చూచాను. పెద్దాయన చూడలేదు. నేను "ఆగండి!" అని తెలుగులోనే అరిచాను. అప్పుడు ఆయన బ్రేకు తొక్కారు. కాలి కింద పెడల్ టకటకమని కొట్టుకొంది. చక్రాలు బిగుసుకుపోలేదు, బండి పక్కకు జారలేదు. చక్రం బిగుసుకొనేలోగా బ్రేకును వదిలి మళ్ళీ పట్టే ఏర్పాటు అందులో ఉంది. 1978లో ఈ సంస్థ తన పెద్ద కార్లలో తెచ్చిన ఏబీఎస్ అదే. వెనుక అంత బరువుతోనూ బండి తిన్నగా, బాలుడికి రెండు బారల దూరంలో ఆగింది. వాడు భయంతో మమ్మల్ని చూచి, సైకిలు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఎవరమూ మాట్లాడలేదు. ఇంజన్ మాత్రం వణుకు లేకుండా తిరుగుతోంది. స్టీరింగ్‌మీద పెద్దాయన చేతులు వణుకుతున్నాయి.

హెర్మన్స్‌బర్గ్ చేరి, హార్మోనియం దించి, పేతురు పౌలుల పేరుగల దేవాలయానికి వెళ్ళాము. ఆ సంఘ కాపరి లూయీ హార్మ్స్ 1849లో ఈ ఊళ్ళో మిషన్ పాఠశాల ఆరంభించాడు. రైతుబిడ్డలకు తర్ఫీదు ఇచ్చి, 1853లో కాండేస్ అనే సొంత ఓడమీద మొదటి గుంపును ఆఫ్రికాకు పంపాడు. తరువాత మన తెలుగు నేలకూ పంపారు. మొదటి ప్రపంచ యుద్ధం వలన జర్మనులు మన దేశాన్ని విడువవలసి వచ్చినప్పుడు ఆ పనిని అమెరికా లూథరన్లు అందుకొన్నారు. ఆ తరువాత మనవారు అందుకొన్నారు. నేటి సౌత్ ఆంధ్ర లూథరన్ సంఘం ఆ విధంగా వచ్చినదే. చేతులు మారినా పని ఆగలేదు.

ఈ సంగతి నేను చెప్పుచుండగా పెద్దాయన బల్లమీద కూర్చొని విన్నారు. చాలాసేపటికి మా అబ్బాయితో అన్నారు: "వైద్యుడు మార్చిలోనే చెప్పాడు, నా కళ్ళు పాడవుతున్నాయని. ఈ దేశంలో ఇంత వయసు దాటితే బండి నడపరాదన్న చట్టం లేదు. అందుచేత నేనే దాచిపెట్టాను. నా భార్య చివరి మూడేళ్ళు చక్రాల కుర్చీ ఈ బండిలోనే పెట్టుకొని తిరిగాము. తాళం ఇచ్చేస్తే ఆమెను మరొకసారి పోగొట్టుకొన్నట్లు అనిపించింది. ఈ రోజు బండి తన పని చేసింది. నేను నా పని చేయలేదు."

ఆయన జేబులోనుండి తాళం తీసి మా అబ్బాయి చేతిలో పెట్టారు. వాడు నావైపు చూచి, "ఏం చేయను నాన్నా?" అన్నాడు. "తీసుకో నాయనా. ఆయన భారం నీ చేతికిచ్చారు" అన్నాను.

తిరుగు ప్రయాణంలో పెద్దాయన నా పక్కన, వెనుక సీట్లో కూర్చొన్నారు. ఈ సీట్లో కూర్చోవడం ఇదే మొదటిసారి అన్నారు. కొంతసేపు కిటికీలోనుండి ఊదాపూలు చూచి, హాయిగా నిద్రపోయారు. అబ్బాయి 100 దాటకుండా నడిపాడు. ఆ ఆరు సిలిండర్ల బండికి తన్ను ఎవరు నడిపినా ఒక్కటే అన్నట్లు, అదే నెమ్మదితో మమ్మల్ని ఇల్లు చేర్చింది.

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు ఒకరి భారాలు మరొకరు భరించాలని చెప్పి, వెంటనే ఎవరి బరువు వారే మోయాలని కూడా చెప్పాడు. ఈ రెండూ ఎలా పొసగుతాయా అని చాలాకాలం ఆలోచించాను. ఆ రోజు కొంత అర్థమైంది. తన కళ్ళు మసకబారాయని ఒప్పుకోవడం పెద్దాయన ఒక్కరే మోయవలసిన బరువు. ఒప్పుకొన్న తరువాత ఇంటికి చేర్చడం మా అందరి బరువు.

ప్రియులారా, మన సంఘాల్లో డబ్బుపెట్టె తాళాలు, దేవాలయపు తాళాలు ఇరవై ముప్పై ఏళ్ళుగా ఒకే చేతిలో ఉండడం మనకు తెలియనిది కాదు. ఇళ్ళలో పొలం కాగితాలూ అంతే. మోసినవారు నమ్మకంగానే మోశారు. కాని చూపు తగ్గిన సంగతి తమకు తెలిసీ దాచుకొంటే, ఎదురుగా వచ్చే బిడ్డకు ప్రమాదం. ఆలస్యం కాకముందే తాళం అప్పగించే కృప, అందుకొనే చేతులకు నిదానం, ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.