ఓడ మీద అయిదు రాత్రులు

సముద్రాన్ని చూసి ముచ్చటపడే అలవాటు మా ప్రాంతపు వారికి తక్కువ. మేమిద్దరం దివిసీమ అంచున పుట్టి పెరిగిన వాళ్ళం. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన నాటికి మాకింకా పెండ్లి కాలేదు గాని, బుద్ధెరిగిన వయసే. అలల చప్పుడు వినబడితే పక్కనున్న పిల్లవాని చేయి గట్టిగా పట్టుకోవడం ఆనాటి నుండి మాకు అలవాటైపోయింది. అటువంటి మేము 2023 జూన్ నెలలో, అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి కుటుంబంతో కలసి, టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్ రేవు నుండి మెక్సికో తీరానికి అయిదు రాత్రుల ఓడ ప్రయాణం చేసి వచ్చాము. ఈ మాట చెబితే మా ఊళ్ళో ఇప్పటికీ నమ్మరు.

అమ్మాయి హ్యూస్టన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. అల్లుడుగారిది కంప్యూటర్ ఉద్యోగం. తొమ్మిదేళ్ళ మనుమరాలు, నాలుగేళ్ళ మనుమడు. మేము వెళ్ళి మూడు నెలలైనా, ఆ ఇంట్లో ఆరుగురం ఒక్కసారి కలసి కూర్చుని భోంచేసిన జ్ఞాపకం లేదు. ఆమె లేచేసరికి ఆయన ఆఫీసులో ఉంటారు, ఆయన వచ్చేసరికి ఆమె బయలుదేరుతుంది. ఓడ ఎక్కుదామన్న ఆలోచన అమ్మాయిదే. "వండేది లేదు, కారు నడిపేది లేదు, ఫోను మోగేది లేదు నాన్నా" అంది. మెక్సికోలో దిగడానికి మా అమెరికా వీసా సరిపోతుందని, అయితే అది తిరిగి లోనికి రావడానికి కూడా చెల్లే వీసాయై ఉండాలని అల్లుడుగారు ముందే విచారించి పెట్టారు. మా వంటి వారు ఎవరైనా వెళ్ళదలిస్తే ఇది తప్పక చూసుకోవాలి.

గాల్వెస్టన్ ఒక పొడవాటి లంక. 1900 సెప్టెంబరు 8న వచ్చిన తుపానులో అక్కడ ఆరు వేలమందికి పైగా చనిపోయారు. అమెరికా చరిత్రలో అంతటి ప్రాణనష్టం కలిగించిన ప్రకృతి వైపరీత్యం మరొకటి లేదంటారు. ఆ తరువాత 1902లో మొదలుపెట్టి పదిహేడు అడుగుల ఎత్తున సముద్రపు గోడ కట్టారు, ఊరి నేలను కూడా మట్టి పోసి ఎత్తు చేశారు. కారులో ఆ గోడ వెంబడి వెళుతున్నప్పుడు మేము ఏమీ మాట్లాడుకోలేదు. దివిసీమకు అటువంటి గోడ ఉండి ఉంటే అన్న తలంపు ఇద్దరికీ వచ్చిందని తరువాత తెలిసింది.

ఓడ ఎక్కగానే మొదటి పని పిల్లల క్లబ్బులో పేర్లు రాయించడం. కరీబియన్ వైపు తిరిగే పెద్ద ఓడలన్నిటిలోను దాదాపు ఇది ఉంటుంది. వయసునుబట్టి పిల్లలను గుంపులుగా చేస్తారు. కొన్ని సంస్థలవారు రెండేళ్ళు నిండిన పిల్లలను, చాలామంది మూడేళ్ళు నిండి, దొడ్డికి తామే వెళ్ళగలిగిన పిల్లలను మాత్రమే చేర్చుకుంటారు. పగటిపూట వేరే రుసుము లేదు, టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది. రాత్రి పది దాటితే గంటకింత అని తీసుకుంటారు. జ్వరమో విరేచనాలో ఉన్న పిల్లలను రానివ్వరు. లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతి బిడ్డ చేతులు కడుక్కోవలసిందే. చిన్నవాని మణికట్టుకు ఒక పట్టీ కట్టారు. ఆపద వేళ మా కుటుంబం ఎక్కడ చేరాలో ఆ స్థలం గుర్తు దాని మీద ఉంది. గంట మ్రోగితే తల్లిదండ్రులు క్లబ్బుకు పరుగెత్తకూడదట, తమ స్థలానికి వెళ్ళి నిలబడాలట, పిల్లలను క్లబ్బు వారే అక్కడికి తీసుకువస్తారట. వినడానికి బాగానే ఉంది. కాని పిల్లవాడు ఒకచోట, మనం ఒకచోట ఉండగా గంట మ్రోగితే కాళ్ళు ఎటు వెళతాయో మాకు తెలుసు.

నిజం చెప్పాలంటే మాకు బాధ కలిగింది. అమ్మమ్మ, తాతయ్య పక్కనే ఉండగా పిల్లలను ముక్కూ ముఖమూ తెలియని వారికి అప్పగించడమేమిటి? మేము అంత పనికిరానివారమయ్యామా? ఈ మాట పైకి అనలేదు. అనకపోయినా అమ్మాయికి తెలిసే ఉంటుంది.

మరునాడు పగలంతా నడిసముద్రం. ఉదయం పదింటికి పిల్లలిద్దరినీ క్లబ్బులో దింపి, అమ్మాయి, అల్లుడుగారు తమ గదికి వెళ్ళి పడుకున్నారు. మేము పై అంతస్తులో గాలికి కూర్చుని ఉండలేక, ఓ గంటకే క్లబ్బు వైపు నడిచాము. తలుపు దగ్గరికి వెళ్ళేసరికి మా చిన్నవాని ఏడుపు వినబడింది. అద్దంలోనుండి మమ్మల్ని చూసి "అమ్మమ్మా" అని ఇంకా గట్టిగా ఏడ్చాడు. "మా మనుమడు, పంపండి" అన్నాము. బల్ల దగ్గరున్న అమ్మాయి కంప్యూటర్ చూసి, మా పేర్లు అందులో లేవని, తల్లిదండ్రులు రాసిచ్చిన వారికి తప్ప బిడ్డను ఇవ్వలేమని చెప్పింది. మర్యాదగానే చెప్పింది. మాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో బతిమాలాము, కొంచెం కోపం కూడా చేశాము. ఆమె చిరునవ్వు మారలేదు, తలుపూ తెరుచుకోలేదు. గదికి ఫోను చేసింది. అంతవరకు అద్దానికి అటు వాడు, ఇటు మేము. ఆ అయిదు నిమిషాలు మాకు ఎంత పొడవుగా ఉన్నాయో చెప్పలేము.

అమ్మాయి చెదిరిన జుట్టుతో, చెప్పులైనా లేకుండా పరుగెత్తుకొచ్చింది. వాళ్ళను బాగా అడుగుతుంది అనుకున్నాము. ఆమె ముందు ఆ పిల్లకు థాంక్స్ చెప్పింది! తరువాత చిన్నవాణ్ణి ఎత్తుకుని మాతో, "వాడు మిమ్మల్ని చూసి ఏడుస్తున్నా వాళ్ళు మీకివ్వలేదు. అందుకేనమ్మా నేను నిద్రపోగలిగాను" అంది. మేము ఏదో అనబోయాము. "మిమ్మల్ని ఇక్కడికి ఆయాపని చేయడానికి తీసుకురాలేదు నాన్నా. మూడు నెలలుగా మీరిద్దరూ వాణ్ణి చూస్తూనే ఉన్నారు. అమ్మ మోకాళ్ళు ఎలా వాచాయో నాకు కనబడడం లేదా?" అంటూ ఏడ్చేసింది. ఎన్నాళ్ళ అలసటో అది. ఒకే ఇంట్లో ఉండి, ఆమె కళ్ళ కింద నల్లదనం చూస్తూనే ఉండి, అడగకపోయినందుకు మాకు సిగ్గు వేసింది. ఆ పూటే మా పేర్లు కూడా రాయించింది గాని, ఆ తరువాత మేము పిలవకుండా అటు వెళ్ళలేదు.

క్లబ్బు మా చిన్నవానికి ఒక్కరోజులో నచ్చిందని చెబితే అబద్ధమవుతుంది. సాయంత్రం ముప్పావుగంట ఉండి, కాగితపు టోపీ పెట్టుకుని వచ్చాడు. మూడవనాడు ససేమిరా అన్నాడు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ రోజు ఓడ కొజుమెల్ దీవిలో ఆగింది గనుక అందరం దిగి, నీలపు నీళ్ళలో మోకాలి లోతున నిలబడ్డాము. సముద్రంలో మేము సరదాకు నిలబడడం అదే మొదలు. మనుమరాలితో తంటా మరొక విధమైనది. ఆమెకు క్లబ్బు ఎంత నచ్చిందంటే రెండు సాయంత్రాలు భోజనానికి కూడా రాలేదు, అక్కడి పిల్లలతోనే తినేసింది. ఓడ ఎక్కింది కలసి ఉండడానికి గదా! అప్పుడు అల్లుడుగారు ఒక కట్టుబాటు పెట్టారు. పగలు ఎవరిష్టం వారిది, సాయంత్రం ఆరుగంటల బల్ల మాత్రం ఆరుగురిది. మనుమరాలు మూతి ముడుచుకుంది. ఆయన మెత్తబడలేదు. మాకు ఆయన మీద గౌరవం పెరిగింది. తానుకూడా ఓడలో ఇంటర్నెట్ కొనుక్కోలేదు మరి.

ఆ భోజనశాలలో రోజూ అదే బల్ల, అదే వడ్డించే మనిషి. మంగళూరు వైపు కుర్రవాడు. ఇంటికి వెళ్ళి ఏడు నెలలైందట. మేము అడగకుండానే మూడవ రోజు నుండి పప్పు, అన్నం, ఎర్రటి కూర ఒకటి తెచ్చిపెట్టేవాడు. అతనికీ ఇంటి దగ్గర మా చిన్నవాని ఈడు బిడ్డ ఉన్నాడు. మన విశ్రాంతి మరొకరి శ్రమ మీద నడుస్తుందన్న సంగతి ఓడలో ప్రతి పూటా కళ్ళెదుటే ఉంటుంది.

నాలుగవనాడు ప్రోగ్రెసో. అక్కడ తీరం లోతు తక్కువ గనుక, ఓడలు ఆగడానికి సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్ల రేవు వంతెన కట్టారు. బస్సులో ఆ వంతెన మీద వెళుతుంటే చిన్నవాడు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఇరవై దగ్గర నిద్రపోయాడు. ఊరు గురించి రాయడానికి పెద్దగా లేదు, ఎండ మాత్రం మన గుంటూరు ఎండే.

అయిదవ రోజు మళ్ళీ నడిసముద్రం. మా సంచిలో ఎప్పుడూ ఉండే నాలుగు గవ్వలు తీసి, కాగితం మీద గళ్ళు గీసి అష్టాచమ్మా పరిచాము. మనుమరాలు క్లబ్బుకు వెళ్ళి పావుగంటలో తిరిగొచ్చింది, ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని! వారిలో ఒకరు మెక్సికో తలిదండ్రుల బిడ్డ. ఆ పిల్ల తెలుగులో "అష్టా" అని కేక పెడుతుంటే పక్క కుర్చీలవారు తిరిగి చూశారు. అమ్మాయి, అల్లుడుగారు కాస్త దూరంలో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. మాట్లాడుకోవడం లేదు. ఆమె తల ఆయన భుజం మీద వాలి ఉంది, నిద్రపోయింది. చిన్నవాడు అమ్మ దగ్గరికి వెళ్ళబోతే, మనుమరాలు వాణ్ణి చేయి పట్టుకుని క్లబ్బు వైపు నడిపించుకుపోయింది. మేము లేవలేదు.

మనవారికి అమెరికాదాకా వెళ్ళకుండానే ఇటువంటి ప్రయాణం చేసే వీలు కలిగింది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ ఓడ మన విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నైలకు తిరిగింది. 2023 సెప్టెంబరులో విశాఖలో విహార ఓడల కోసం ప్రత్యేకంగా కట్టిన టెర్మినల్ కూడా ప్రారంభమైంది. పిల్లలతో వెళ్ళేవారు టిక్కెట్టు కొనకముందే క్లబ్బులో ఏ వయసు నుండి చేర్చుకుంటారో, ఏ వేళల్లో తెరుస్తారో అడగడం మంచిది. తాతయ్య, అమ్మమ్మల పేర్లు మొదటి రోజునే రాయించండి!

ఆరవనాడు పొద్దున గాల్వెస్టన్‌లో దిగాము. ఆ రాత్రే అమ్మాయికి డ్యూటీ. ఆమె బూట్లు తొడుక్కుంటుంటే చిన్నవాడు మణికట్టు చాపి చూపించాడు. ఆ పట్టీ ఇంకా వాని చేతికే ఉంది. స్నానంలో కూడా తీయనివ్వలేదు.