కరక్కాయ – వ్రాతపని

శ్రీకాళహస్తిలో కలంకారీని ‘వ్రాతపని’ అంటారు. ముప్పైనాలుగేండ్లు పిల్లలచేత వ్రాతపని చేయించి, వారి తప్పుల మీద ఎఱ్ఱసిరా పూసి విశ్రాంతి తీసికొన్నవాణ్ణి. ఆ మాట చెవిని పడగానే, ఈ విద్య నాకు పట్టుబడకపోతుందా అన్న అహంకారం కలిగింది.

మా ఊరి వెలుపల కొండపాదాన చిట్టడవి ఉన్నది. వైద్యుడు నడవమన్నాడు గనుక ఉదయం అటు వెళుతుంటాను. మాఘమాసంలో కరకచెట్ల క్రింద కాయలు రాలి ఉంటాయి. చెట్టున ఉన్నవాటిని ముట్టను. రాలినవే నా భుజసంచికి చాలు. హరీతకి అని పాఠం చెప్పినన్నాళ్ళూ ఆ చెట్టును గుర్తుపట్టలేదు సుమండీ! మా అమ్మ మాత్రం దగ్గు వస్తే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొనేది. ఆమె పెట్టెలో మిగిలిన తెల్లని నేతచీర మీదనే నా తొలి వ్రాత సాగాలని నిశ్చయించుకొన్నాను. “బజారులో గుడ్డ దొరకదా?” అన్నది మా ఇంటావిడ. వినలేదు.

శ్రీకాళహస్తిలో ఒక వృద్ధ కళాకారుడు దయతో విధానం చెప్పారు. కరక్కాయపొడి గేదెపాలలో కలిపి, గుడ్డను నానబెట్టి, పిండి, ఎండలో ఆరవేయాలి. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియనిస్తే కసిమి. వెదురుపుల్ల మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే కలం. ఆ చుట్టును వ్రేళ్ళతో నొక్కినకొద్దీ కసిమి దిగుతుంది. విచిత్రమేమంటే, కుండలోని కసిమి నల్లగా ఉండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన క్షణాన, కాయలోని వగరూ ఇనుమూ కలిసి, నలుపు అక్కడే పుడుతుంది. మొదటిసారి చూచినప్పుడు కలం ఎత్తి పట్టుకొని అలాగే కూర్చుండిపోయాను.

చీరను రెండు ముక్కలు చేశాను. పాలవాసన ఇల్లంతా పడుతుందని మొదటి ముక్కకు పాలు మానివేశాను. మోదుగకొమ్మ గీయబోతే గీత ఇరుప్రక్కలా పాకి గొంగళిపురుగైనది. దీనిని కొట్టివేసి పైన దిద్దే వీలు లేదు. ఎంత ఉతికినా పోలేదు. అమ్మ చీరలో సగం అలా పాడుచేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. మర్నాడు మా ఇంటావిడే, ఒక్క మాట అనకుండా, గేదెపాల చెంబు నా ముందు పెట్టింది.

రెండవ ముక్క మీద గీత నిలిచింది, నా చేతి వణుకుతో సహా. ఫాల్గుణంలో మోదుగపూలు ఏరి తెచ్చి, కాచి, ఆ రసంతో రేకులకు రంగు నింపాను. గుడ్డకు ముందు పటిక పట్టించాలని ఆ పెద్దాయన చెప్పనే చెప్పారు, తొందరలో మరచాను. రెండు నెలలకు పూలు వెలిసిపోయి నల్లని కొమ్మ ఒక్కటే మిగిలింది.

మళ్ళీ ఫాల్గుణం దాకా ఆగాలి. పటిక కొని అటక మీద ఉంచాను. పాడైన సగాన్ని పారవేయ మనసొప్పక, మడిచి అమ్మ పెట్టెలోనే పెట్టాను. పెట్టె తెరిస్తే ఇప్పుడు పులిసిన బెల్లం వాసన వస్తున్నది.