గుట్టే దీవి అయిన చోట

అక్కకు మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలు. "రోజూ నడవాలి, మెట్లు మాత్రం ఎక్కొద్దు" అని డాక్టరు గారు చెప్పిన మాటను అక్క వేదవాక్కులా పట్టుకుంది. హనుమకొండలో మా కాలనీ పార్కు చుట్టూ వందల చుట్లు తిరిగి, చివరికి ఓ పొద్దున విసుక్కుంది. "గానుగెద్దు లెక్క ఎన్నాళ్లు తిరగాల్రా తమ్ముడూ? చెట్లున్న చోటికి తీస్కపో." చెట్లుండాలి, నీళ్లుండాలి, ఎక్కుడు దిగుడు ఉండొద్దు. ఈ మూడూ కలిసి ఒకేచోట దొరికేది మా చుట్టుపక్కల లక్నవరం చెరువే అనిపించింది. వస్తూ వస్తూ రామప్ప గుడి ఎట్లాగూ చూడొచ్చు.

జనవరి రెండో వారం, పైగా మేడారం జాతర ఏడు. ములుగు ఇంకా రాకముందే గట్టమ్మ తల్లి గుడి దగ్గర బండ్లు బారులు తీరాయి. సమ్మక్క సారలమ్మల దగ్గరికి పోయేవాళ్లెవరైనా ఇక్కడ కొబ్బరికాయ కొట్టాకే ముందుకు కదులుతారు. అక్క కూడా కొట్టింది. "మనం పోయేది జాతరకు కాదు కదక్కా" అంటే, "తల్లికి తెల్వదా ఏంది, ఏ ఏడైనా పోతం గదా" అంది. రోడ్డు పొడుగునా దుకాణాల ముందు బెల్లం దిమ్మెలు. జాతరకు పోయేవాళ్ల నోట అది బెల్లం కాదు, బంగారం. చల్వాయి దగ్గర జాతీయ రహదారి వదిలి కుడివైపుకు తిరిగాం. అక్కడి నుంచి రెండు పక్కలా యాసంగి నాట్లు. బురద మడుల్లో వంగిన ఆడవాళ్లు, గట్ల మీద పచ్చని నారు కట్టలు. అక్క కిటికీ అద్దం దించి ఆ వాసన పీల్చుకుంది. మా పొలం పోయి ఇరవై ఏళ్లయింది.

చెరువు ఒక్కసారిగా కనబడుతుంది. నీళ్లలో నుంచి అక్కడక్కడా అడవి బొడిపెల్లా పైకి లేచి ఉంటుంది. అవే దీవులు, మొత్తం పదమూడని చెబుతారు. ఒడ్డు నుంచి మొదటి దీవికి దాదాపు 160 మీటర్ల తీగల వంతెన వేశారు. ఇప్పుడు రెండో వంతెన కూడా ఉంది, పడవలున్నాయి, పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. జనమంతా వంతెన నడుమే ఆగిపోతున్నారు. ఒకరి చేతిలో సెల్ఫీ కర్ర, ఇంకొకరి చేతిలో స్పీకరు. నలుగురు కుర్రాళ్లు కావాలనే వంతెనను ఊపుతుంటే అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. భయమేమో అనుకున్నాను. "వీళ్ల అమ్మలు ఎక్కడున్నరు?" అని అడిగింది, అందరికీ వినబడేలా. ఊపు ఆగిపోయింది.

దీవి మీద అడుగు పెట్టి, హోటల్ దాటి వంద గజాలు పోతే మాత్రం స్పీకరు మోత సన్నగిల్లుతుంది. నేలంతా టేకాకులే. జనవరిలో టేకు ఆకు రాలుస్తుంది. ఒక్కొక్కటి విస్తరాకంత ఉంటుంది, కాలు పడితే అప్పడంలా విరుగుతుంది. ఆ చప్పుడుతో ఎంత మెల్లగా నడిచినా అడవికి మన రాక తెలిసిపోతుంది. టేకు నడుమ నల్లమద్ది చెట్లు. వాటి బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. అక్క ఆ పలక మీద గోటితో కొట్టి చూసింది, ఎండిన మట్టిపెళ్లలా మోగింది. ఇంకాస్త ముందు తునికి, ఆపైన ఒక ఇప్ప. ఇప్ప పూత మార్చికి గానీ రాదు. బాట చదునుగానే ఉంది, కాస్త వాలు ఉన్నా మోకాలు నొచ్చేంత కాదు. పది నిమిషాలకోసారి చెట్ల సందుల్లోంచి నీళ్లు మెరుస్తాయి. అప్పుడు గానీ మనం దీవి మీద ఉన్నామని గుర్తుకు రాదు.

ఆ బాట మీదే అక్క ఓ మాటంది. "ఇది దీవి కాదురా, గుట్ట. దీవైతే ఇసుకుండాలె. ఈడ రాయి జూడు."

అక్క అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. 13వ శతాబ్దంలో, కాకతి గణపతిదేవుని కాలంలో, ఇక్కడ చెరువును తవ్వలేదు. చుట్టూ గుట్టలున్న లోయను చూసి, గుట్టకూ గుట్టకూ నడుమ నీళ్లు జారిపోయే ఇరుకు సందులను కట్టలతో మూసేశారు, అంతే. చాలామట్టుకు కట్ట పని గుట్టలే చేశాయి. మనుషులు చేసింది సందులు పూడ్చడం. తక్కువ మట్టి, ఎక్కువ నీళ్లు. లోపల చిక్కుకున్న చిన్న గుట్టలు మెడదాకా మునిగి దీవులయ్యాయి. అంటే మేం నడుస్తున్నది ఎనిమిది వందల ఏళ్ల కిందట మునిగిన గుట్ట నెత్తి మీద.

నన్నడిగితే లక్నవరంలో చూడాల్సింది వంతెన కాదు, కట్ట. అటువైపు పోయేవాళ్లే లేరు. మేం వెళ్లేసరికి ఒక ముసలాయన తువ్వాల పరుచుకుని కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఒకప్పుడు ఊరి నీరటి అట. ఏ మడికి ఎన్ని గంటలు నీళ్లు, ఎవరి వంతు ఎప్పుడు అని చూసుకునే పని.

"ఇంత నీళ్లు ఎండాకాలం దాకా ఉంటాయా, తాతా?" అని అడిగాను.

"ఎందుకుంటయ్? మీరు ఫొటోలు దిగేటందుకు నిలవెట్టిన్రనుకున్నరా సారూ? తైబంది అయితది, గిన్ని ఎకరాలకని లెక్క గడతరు, తూము లేపుతరు. పంట చేతికొచ్చేసరికి చెరువు సగమైతది."

తైబంది అన్న మాట ఇప్పటికీ వాడుకలో ఉంది. యాసంగికి ముందు చెరువులో ఉన్న నీటిని చూసి, ఏ ఆయకట్టులో ఎంతమేర సాగు చేసుకోవచ్చో అధికారులూ రైతులూ కూర్చుని ఖరారు చేసుకోవడం. దారిలో చూసిన నాట్లన్నీ ఆ లెక్క తేలాక పడినవే. వంతెన మీద ఫొటో దిగినవాడి వెనక కనిపించే నీళ్లు అప్పటికే పొలాలకు పంచేసిన నీళ్లు.

"పాత తూములెట్లుండేవి?" అని అక్క అడిగింది. ఆయన చుట్ట పక్కన పెట్టి చేతులతో చూపించాడు. రెండు నిలువు రాళ్లు, వాటికి అడ్డంగా రాతి పట్టెలు. అడుగున రంధ్రం, దానికి బిరడా. పై నుంచి దించిన కర్రను లేపితే నీళ్లు, దించితే బందు. పాత చెరువుల్లో ఆ జంట రాళ్లు ఇంకా అక్కడక్కడా నిలబడే ఉన్నాయి. మామూలుగా మనం వాటిని గుడి స్తంభాలనుకుని దాటిపోతాం.

ఓ గంట ప్రయాణం చేసి, జంగాలపల్లి మీదుగా పాలంపేట చేరేసరికి మధ్యాహ్నం. రామప్ప గురించి ఇప్పటికే రాయాల్సినంత రాశారు, 2021 జూలైలో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాక మరీ. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం అది. శిల్పి పేరుతోనే గుడిని పిలుస్తున్నామని జనం నమ్మకం. ఎర్రటి ఇసుకరాతి గోడలు, మండపంలో నున్నటి నల్లరాతి స్తంభాలు, నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలతో లేపిన శిఖరం. ఇక్కడి శిల్పాల్లోని నాట్య భంగిమలు చూసి నటరాజ రామకృష్ణ గారు పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారు.

అక్క మాత్రం పైకి చూడలేదు, కింద చూసింది. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు నేలను చూస్తూనే నడుస్తారు. మండపంలో నేల రాళ్లు కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. "ఇంత గొప్ప గుడి, నేల సదురు చేయలేకపోయిన్రా?" అంది. గుడి పునాది కింద ఇసుక నింపిన సంగతి చెప్పాను. భూమి కదిలితే ఆ కుదుపును ఇసుక మింగుతుంది. నేల అటూ ఇటూ అయినా స్తంభాలూ దూలాలూ నిలబడ్డాయి. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు అడవుల్లో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు హనుమకొండలో మా ఇంట్లో గిన్నెలు గలగలలాడాయి. ఆ పొద్దున అక్క చీపురు పట్టుకునే వీధిలోకి పరిగెత్తింది. ఆ సంగతి గుర్తొచ్చిందేమో, దగ్గర్లోని స్తంభాన్ని చాలాసేపు చూసింది. ముట్టుకోలేదు. కాపలా ఆయన చూస్తున్నాడు మరి.

స్తంభాల చెక్కడంలో సూదిమొన పట్టేంత సన్నటి రంధ్రాలున్నాయి. గైడు సెల్‌ఫోన్ లైటు వేసి చూపించాడు. నగిషీలో హారం పూసలు ఒకదాని వెనక ఒకటి విడివిడిగా కనబడ్డాయి. నల్లరాతి నునుపులో ఆ వెలుగు చుక్కలా మెరిసింది. అంతకన్నా చెబితే వర్ణన అవుతుంది.

గుడి నుంచి చెరువు కట్టకు నడక కొద్దిదూరమే. చాలామంది గుడి చూసి కారెక్కేస్తారు. రామప్ప చెరువు కూడా రేచర్ల రుద్రుడిదే, ఇక్కడా గుట్టల నడుమ కట్ట. కట్ట వైపు చెట్లలో చిన్న చిన్న గుళ్లున్నాయి, కొన్ని పాడుబడినవి. ఒకదాని కప్పు మీద చెట్టు వేళ్లు దిగి రాళ్లను పక్కకు నెడుతున్నాయి. ఆ వేళ్లు తీస్తే గుడి కూలుతుందో, ఉంచితే కూలుతుందో తెలియని స్థితి. లోపల విగ్రహం లేదు, గబ్బిలాల వాసన మాత్రం ఉంది. అక్క గుమ్మం దగ్గరే చేతులు జోడించి వెనక్కి తిరిగింది.

సాయంత్రం కట్ట మీద ఓ రాతి మీద కూర్చున్నాం. ఫోనులో అడుగుల లెక్క చూపిస్తే, పార్కులో రోజూ వేసేవాటికి రెండింతలు. "నొస్తుందా?" అంటే "పార్కులోనే నొస్తది" అంది. కట్ట కింద కాలువలో నీళ్లు పోతున్నాయి, ఓ రైతు పారతో గండి సరిచేస్తున్నాడు. అక్క కాసేపు ఆయన్నే చూస్తూ కూర్చుంది.

"మే నెల్ల మళ్లొద్దాం రా," అంది లేస్తూ. "ఈడికి కాదు, లక్నవరం. నీళ్లు దిగినంక ఆ దీవి అడుగుదాకా గుట్టెట్లుంటదో చూడాలె."

"ఎండకు మాడిపోతామక్కా."

"పొద్దుగాల ఐదింటికే బయల్దేరుదాం," అంది చెప్పులు వేసుకుంటూ.