ఒక పక్క మాడి, ఒక పక్క పచ్చిగా

 

డిసెంబరు వచ్చిందంటే మా ఇల్లు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక ఊళ్లో సెమీ క్రిస్మస్, ఇంకో ఊళ్లో కూడిక. పొద్దున్న బండి తీస్తే కొండ మీది ఊళ్లు తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. విశాఖపట్నంలో చదువుకుంటున్న మా పెద్దమ్మాయి కిరండూల్ పాసింజరులో సెలవులకు వచ్చి నాలుగు రోజులైంది. ఒక్క పూట కూడా దాని పక్కన కూర్చుని అన్నం తినలేదు.

ఐదో రోజు తనే అడిగింది. "నాన్నా, ఈ సాయంత్రం బ్రౌనీలు చేస్తాను. ఇంట్లో ఉంటారా?" ఉంటామన్నాం.

బ్రౌనీ అంటే పొంగని చాక్లెట్ కేకు అనుకోండి. పైన తెల్లగా క్రీమ్ చీజ్ చారలు ఉండాలట. ఆ చీజ్ మా వీధి కొట్లో దొరకదు. అమ్మాయి లీటరు చిక్కటి పాలు మరిగించి, నిమ్మరసం పిండి విరగ్గొట్టింది. గుడ్డలో వడకట్టి, కడిగి, మూట కట్టి కాసేపు వేలాడదీసింది. రెండు చెంచాల మీగడ, చిటికెడు ఉప్పు, మూడు చెంచాల పంచదార, ఒక గుడ్డు పచ్చసొన వేసి మిక్సీలో మెత్తగా తిప్పింది. అరకు 900 మీటర్లకు పైన ఉంది కదా, ఈ చలికి పెరుగే తోడుకోదు, వెన్న రాయిలా ఉంటుంది. అందుకని 100 గ్రాముల వెన్న, 150 గ్రాముల చాక్లెట్ వేడినీళ్ల మీద గిన్నె పెట్టి కరిగించింది. అందులో 150 గ్రాముల పంచదార, రెండు గుడ్లు, 75 గ్రాముల మైదా కలిపింది. మన అరకు కాఫీ డికాక్షన్ ఒక చెంచా పోసింది. కాఫీ రుచి తెలియదు గాని చాక్లెట్ రుచి నిలబడుతుందట.

చాక్లెట్ పిండి మీద చీజ్ చెంచాలతో పెట్టి, కత్తి మొనతో నాలుగు గీతలు లాగింది. "ఇంకా కలపకూడదు నాన్నా. ఎక్కువ కలిపితే నలుపూ పోతుంది, తెలుపూ పోతుంది, బురద రంగు మిగులుతుంది."

మాకు ఓవెన్ లేదు. మందపాటి డబరాలో కిలో రాళ్ల ఉప్పు పోసి, లోపల స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేస్తే అదే ఓవెన్. "సన్నటి మంట మీద యాభై నిమిషాలు. నేను స్నానం చేసి వస్తాను, చూస్తూ ఉండండి" అని వెళ్లింది.

ఇంతలో ఫోను. కూడిక ఒక గంట ముందే పెడుతున్నారట. మేము లేచి మంట పెద్దది చేశాం, త్వరగా అయిపోతుందని. ఇరవై నిమిషాలకు మాడు వాసన. మూత తీస్తే అడుగు బొగ్గు, పైన ఇంకా జారుడు పిండి.

అమ్మాయి కోప్పడలేదు. గిన్నె గీకుతూ నవ్వింది. "అచ్చం మీలాగే వచ్చింది నాన్నా. సంఘం వైపు బాగా కాలింది, ఇంటి వైపు పచ్చిగా ఉంది." మేమూ నవ్వి, బైబిలు సంచి తగిలించుకుని కూడికకు వెళ్లిపోయాం.

రాత్రి ఘాట్ రోడ్డు మీద తిరిగి వస్తుంటే ఆ మాట గుచ్చుకుంది. హోషేయ గ్రంథం 7వ అధ్యాయం గుర్తొచ్చింది. అక్కడ ప్రవక్త ఎఫ్రాయిమును తిరగవేయని అప్పముతో పోలుస్తాడు. ఆ కాలంలో అప్పాలు వేడి రాళ్ల మీద కాల్చేవారు. తిరగవేయకపోతే ఒక పక్క మాడేది, ఇంకో పక్క పిండిగానే ఉండేది. సెమినరీలో దీని మీద పరీక్ష రాశాం. ఆదివారం మాత్రమే భక్తి చూపేవారికి దీన్ని ఎన్నిసార్లు బోధించామో లెక్క లేదు. ఒక్కసారీ మా వైపు తిప్పుకోలేదు.

సోమవారం ఫోను అమ్మగారి చేతికిచ్చి, అమ్మాయిని మళ్లీ చెయ్యమన్నాం. పొయ్యి దగ్గర పీట వేసుకుని కూర్చున్నాం. అరగంట దాటాక, మంట వైపు చూస్తూ తను అంది. "రెండు సబ్జెక్టులు పోయాయి నాన్నా. అక్టోబరు నుంచి చెబుదామని చూస్తున్నా."

నిజం ఒప్పుకుంటాం. మాకు మొదట వచ్చిన తలంపు, పాస్టరు గారి అమ్మాయి తప్పిందంటే నలుగురూ ఏమంటారు అన్నది. తర్వాత నాలుక చివరికి వచ్చింది, ఎందుకు పోయాయి అన్న ప్రశ్న. రెండూ మింగి, "ఇన్నాళ్లూ ఒక్కదానివే మోశావా తల్లీ?" అన్నాం. అప్పుడు ఏడ్చింది. నాలుగుసార్లు ఫోను చేసిందట. ప్రతిసారీ "కూడికలో ఉన్నాం, తర్వాత చేస్తాం" అన్నామట. తర్వాత చేయలేదు.

యాభై నిమిషాలకు శుభ్రమైన పుల్ల గుచ్చి చూసింది. కాస్త తడి పొడి అంటింది. అంతే ఉండాలట. మూత తీసి చల్లారనిచ్చి, తెల్లారేదాకా కిటికీ పక్కన పెట్టాం. ఈ చలిలో ఫ్రిజ్ ఎందుకు? పొద్దున్న కోస్తే నల్లని దానిలో తెల్లని చారలు, పదహారు ముక్కలు.

ప్రియులారా, పరిచర్య చేసేవారు, సంఘ పెద్దలు, ఊళ్లో అందరికీ సాయపడేవారు మీలోనూ ఉన్నారు. ఆ మంట దేవుడిచ్చిందే, దాన్ని ఆర్పమని చెప్పడం లేదు. ఒక్కసారి తిరగవేసుకోండి. మీ ఇంట్లో ఎవరు మీకు నాలుగుసార్లు ఫోను చేశారో ఈ రాత్రే అడగండి.

ఈ సంగతి అమ్మాయి అనుమతితోనే రాశాం. సప్లిమెంటరీ పరీక్షలకు చదువుకుంటోంది, మీ ప్రార్థనల్లో జ్ఞాపకం చేసుకోండి. బ్రౌనీలు మందిరానికి తేలేదని మాత్రం నొచ్చుకోకండి. ఆ పదహారు ముక్కలూ ఈసారి మా ఇంట్లోనే తిన్నాం.

ప్రభువు మీ ఇళ్లను దీవించును గాక. ఆమేన్.